మైనం మీద ఒక పేరు

1931 డిసెంబరు పదకొండు, శుక్రవారం. ఆ పొద్దున నికాసియో ఒవియెదో తిన్నది రాత్రి మిగిలిన అన్నం, నల్ల చిక్కుడు గింజలు, నూనెలో వేయించిన పండు అరటి ముక్కలు మూడు. మూడో ముక్క నిజానికి అతని భార్య రెమీహియాది. పైన పెడితే వద్దంటాడని తెలిసి, తన పళ్ళెంలోంచి తీసి అతని అన్నం అడుగున దాచింది.

"గొంతుకి కాస్త నూనె తగలాలి," అంది, దొరికిపోయాక.

"నూనె తగిలితే గొంతు జారుతుందే."

"జారనీ. డిస్కు మీదికి జారితే చాలు."

అతను నవ్వాడు. ముప్పై రెండేళ్ళొచ్చాయి. పదిహేడేళ్ళప్పుడు ఓడరేవు అవతల రెగ్లా పేటలో పాట మొదలుపెట్టాడు. హవానాలో అతను పాడని డాన్సు హాలు లేదు. అయినా ఊరు దాటితే అతని పేరు ఎవరికీ తెలియదు. నాలుగేళ్ళ కిందట బృందం రికార్డింగుకని న్యూయార్కు ఓడ ఎక్కిన వారంలోనే అతనికి గవదబిళ్ళలు వచ్చాయి. బదులుగా వెళ్ళినవాడు ఇప్పుడు తెల్లసూటు తొడుక్కుని తిరుగుతున్నాడు, వాడి గొంతు ప్రతి సారాకొట్టు గ్రామఫోనులోనూ పలుకుతోంది. తర్వాత నికాసియో రేడియోలో పాడాడు. గాలిలో పాడింది గాలికే పోయింది. పగలు పరుపుల కొట్టులో దూది కూరడం, సాయంత్రం పాడటం. దూది నలక గొంతులో ఎన్నాళ్ళు పేరుకుంటే గొంతు పోతుందో దేవుడికే తెలియాలి. ఇవాళ రికార్డు పడకపోతే ఇక పడదని అతనికి తెలుసు. ఉత్తరాది అమెరికా కంపెనీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఈసారి వచ్చిన రికార్డింగు యంత్రం మళ్ళీ వస్తుందని ఎవరికీ నమ్మకం లేదు.

రికార్డింగు బెర్మూదెస్ గారి వాద్యాల దుకాణం మేడ మీద. ఆయన అలాంటి ఒక కంపెనీకి ఈ ఊళ్ళో ఏజెంటు. ఎవరిచేత పాడించాలో, ఎవరిని గుమ్మంలోంచే పంపెయ్యాలో ఆయనే చెబుతాడు. మంచివాడే, కానీ సాయంత్రాలు పోలీసు కెప్టెనుతో డొమినోలు ఆడతాడు. అందుకని పాటగాళ్ళు ఆయన ముందు వాతావరణం గురించి తప్ప మాట్లాడరు.

గది కిటికీలన్నీ మూసి, వీధి చప్పుడు రాకుండా గోడల నిండా ఉన్ని కంబళ్ళు వేలాడదీశారు. డిసెంబరైనా లోపల కొలిమిలా ఉంది. ఒక పక్క అద్దం, దాని వెనక చిన్న గదిలో యంత్రం. దాని దగ్గర హాల్‌స్టెడ్ అనే పొడుగాటి ఇంజనీరు. అతనికి స్పానిష్ మాటలు పది కూడా రావు. పాట చెక్కేది జున్ను బిళ్ళంత మందాన ఉన్న మైనపు డిస్కుల మీద. ఉక్కకి మైనం మెత్తబడకుండా వాటి పెట్టెల చుట్టూ మంచుదిమ్మలు పేర్చారు. మధ్యాహ్నానికి నాలుగే నాలుగు మిగిలాయి. మిగతావి వారమంతా వేరే బృందాలు వాడేశాయి. మర్నాడు పొద్దున్నే యంత్రం, ఇంజనీరు, మైనాలు ఓడెక్కుతాయి.

"ఒక్క పాట, నాలుగు మైనాలు," అన్నాడు బృంద నాయకుడు మాక్సిమీనో, తన త్రెస్ గిటారు తీగలు బిగిస్తూ. "దర్జాగా ఉంది మన బతుకు."

"నాలుగా? నాకు ఒకటి చాలు మాస్టారూ," అన్నాడు బోంగో డప్పులు వాయించే పోలో. "మిగతా మూడు మా ఆవిడకి తీసికెళ్తా, జున్ననుకుని కోసుకుంటుంది."

మొదటి మైనాన్ని కంబళ్ళు దాటుకుని వచ్చిన లారీ హారను తినేసింది. రెండోసారి ట్రంపెట్ మైకుకి దగ్గరైంది, దానితో సూది ఎగిరింది. హాల్‌స్టెడ్ వచ్చి ట్రంపెట్ వాద్యగాడి భుజాలు పట్టుకుని, పెళ్ళికొడుకుని కూర్చోబెట్టినంత మర్యాదగా, గోడ వైపు తిప్పి నిలబెట్టాడు. మూడోసారి పాట చివరికొచ్చాక మాక్సిమీనో గిటారు తీగ తెగింది.

నిలువెత్తు బాసు వాయించే ఎలోయ్ అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. మాక్సిమీనో కొత్త తీగ వేసుకున్నాడు.

"ఇదే ఆఖరిది," అన్నాడు బెర్మూదెస్ తలుపులోంచి తల పెట్టి. "ఒవియెదో, వింటున్నావా? తుమ్ము వస్తే మింగు. దగ్గొస్తే చచ్చిపో. పాట అయ్యాకే బతుకు."

ఎర్రదీపం వెలిగింది.

నికాసియో చేతిలోని క్లావె పుల్లలు రెండూ ఒకదానికొకటి తగిలాయి. మూడు దెబ్బలు, రెండు దెబ్బలు. మూడు, రెండు. ఆ దెబ్బలే పాటకి వెన్నెముక. అందరూ వాటి మీదే నిలబడతారు. బొగ్గులమ్మే పిల్ల మీద కట్టిన ఆ పాట అతను రెండు నెలలుగా దూది బస్తాల మధ్య సాధన చేసిందే. మొదటి చరణం తేనెలా సాగింది. రెండో చరణంలో గొంతు దానంతటదే తెరుచుకుంది. ఇన్నేళ్ళలో అలా రెండు మూడుసార్లే జరిగింది. పాడుతున్నది తను కాదు, తన గుండా ఎవరో పాడుతున్నారు అనిపించేటంత సుఖం.

తర్వాత పాట వేగం అందుకుంది. మిగతావాళ్ళు "కుంపటి ఆర్పకే, కొంచెంసేపు ఆగవే" అని వంత పాడుతుంటే, మధ్య మధ్య పాటగాడు తోచింది కట్టి పాడే భాగం అది. డాన్సు హాళ్ళలో నికాసియోకి పేరొచ్చింది దాంతోనే. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి పేరు అతని పాటలో పడకుండా పోదు. పేరు పడ్డవాడు ఒక గ్లాసు రమ్ము పంపుతాడు, పడనివాడు నెల్లాళ్ళు అలుగుతాడు. పదిహేనేళ్ళ అలవాటు. ఆలోచించి చేసేది కాదు, ఎండలోకి వస్తే కన్ను మూసుకున్నట్టు.

అప్పుడే వెనక తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుంది. మంచు మోసేవాడు భుజం మీద గోనెపట్టా, దాని మీద దిమ్మతో లోపలికి వచ్చి, ఎర్రదీపం చూసి ఉన్నచోటే ఆగిపోయాడు. టోపీ కింద ముఖం నికాసియోకి కనిపించింది.

నాలుక ముందు వెళ్ళింది. బుద్ధి వెనక పరిగెత్తింది.

"దారివ్వండి, దారివ్వండి, తిమోతెయో వచ్చాడు! దూది పరుపుల నిద్ర చాలించి, తిమోతెయో లేచాడు!"

ఎలోయ్ తల ఒక్కసారి పైకి లేచింది. చేతులు మాత్రం బాసు మీద ఆగలేదు. పోలో కళ్ళు పెద్దవయ్యాయి. గోడకేసి తిరిగిన ట్రంపెట్ ఒక్క అర స్వరం వణికి, సర్దుకుంది. గుమ్మంలో మనిషి మంచుదిమ్మని మెల్లగా నేల మీద దించి, వచ్చినట్టే వెనక్కి వెళ్ళిపోయాడు. నికాసియో పాడుతూనే ఉన్నాడు. ఆపితే అద్దం వెనక ఉన్నవాళ్ళు ఎందుకని అడుగుతారు. హాల్‌స్టెడ్ ఇంకా అర నిమిషమని వేలెత్తి చూపించాడు. నికాసియో జీవితంలో అంత పొడుగు అర నిమిషం లేదు.

ఆఖరి దెబ్బ పడింది. సూది లేచేదాకా ఊపిరి కూడా వినపడకూడదు. మంచు కరిగి బొట్లు బొట్లుగా పడుతోంది. దీపం ఆరింది.

తిమోతెయో ఎలోయ్ తమ్ముడు. ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు. అధ్యక్షుడికి వ్యతిరేకంగా వచ్చిన కరపత్రాలు అతని చేతి మీదుగానే అచ్చయ్యాయి. ఆగస్టులో చేపల పడవెక్కి మెక్సికో పారిపోయాడని పోలీసుల నమ్మకం. నమ్మించడానికి వాళ్ళమ్మ రెండుసార్లు పోలీసు ఠాణాలో ఏడ్చింది, ఒకసారి నిజంగానే. నాలుగు నెలలుగా అతను నికాసియో పనిచేసే పరుపుల కొట్టులో, దూది బస్తాల వెనక ఉంటున్నాడు. అతనితో ప్రెస్సులో పనిచేస్తూ పట్టుబడ్డ ఇద్దరూ ఇళ్ళకి తిరిగి రాలేదు.

ఇప్పుడు అతని పేరూ, పడుకునే చోటూ మైనం మీద ఉన్నాయి. రెండు నెలల్లో ప్రతి సారాకొట్టులోనూ ఉంటాయి. పాడినవాడు పరుపుల పనివాడని ఊరందరికీ తెలుసు.

బెర్మూదెస్ చేతులు చాచుకుంటూ వచ్చాడు.

"అబ్బ! ఏం పాడావయ్యా! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు ఆ గొంతు? అవునూ, ఎవరీ తిమోతెయో?"

ఎలోయ్ బాసు మెడ గట్టిగా పట్టుకున్నాడు.

"మా వీధిలో మేక సార్," అన్నాడు నికాసియో.

"మేకా?"

"గడ్డం కూడా ఉంది సార్," అన్నాడు పోలో వెంటనే. "చాలా పెద్దమనిషి. దారివ్వకపోతే కుమ్ముతుంది."

"మరి పరుపులేమిటి?"

"నా కొట్టులోకి దూరి దూది తిని, అక్కడే పడుకుంటుంది. అందుకే పాట."

బెర్మూదెస్ కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, జేబులోంచి పెన్ను తీశాడు. "బొగ్గులమ్మే పిల్ల అని పేరెందుకయ్యా, ఊరికి పది ఉన్నాయి అలాంటివి. 'దారివ్వండి, తిమోతెయో వచ్చాడు'! ఇదీ పేరు. జనం ఎగబడతారు. మా కెప్టెను గారికి మొదటి కాపీ నేనే ఇస్తా, ఆయనకి మేకలంటే ప్రాణం." కంపెనీ కాగితం మీద పెద్ద అక్షరాలతో ఆ పేరు రాశాడు.

ఎలోయ్ ఆ అక్షరాల మీంచి చూపు తిప్పుకున్నాడు.

"ఒక్కసారి వింటే బాగుండును," అన్నాడు పోలో, ఏదో ఒకటి అనాలని.

"తెలివి తక్కువ మాటలు ఆడకు. మైనం మీద మళ్ళీ సూది పెడితే గాట్లు చెరిగిపోతాయి. పాట చచ్చిపోతుంది. అచ్చయి వచ్చాక ఫిబ్రవరిలో విందువు గాని. మాస్టారూ, ఇక్కడ సంతకం పెట్టండి."

మాక్సిమీనో పెన్ను అందుకున్నాడు. అందుకుని నికాసియో వైపు చూశాడు. ఆ చూపులో ఆజ్ఞ లేదు, వేడుకోలు లేదు. నీ పాట, నువ్వే చెప్పు అన్నట్టుంది. అరవై ఏళ్ళ మనిషి, ఇన్నాళ్ళ తన బృందపు రికార్డు ఒక చేత్తో పట్టుకుని, ఇంకొకడి మాట కోసం ఆగాడు. అంత పెద్ద మనసు నికాసియోకి ఆ క్షణంలో భారంగానే తోచింది. ఆయన కసిరితే తేలికయ్యేది.

రెమీహియా అన్నం అడుగున దాచిన అరటి ముక్క గొంతులోనే ఉన్నట్టనిపించింది. ఊరుకుంటే? ఫిబ్రవరి దాకా టైముంది. తిమోతెయోని ఎక్కడికైనా తరలించవచ్చు. ఎలోయ్‌ని? వాళ్ళమ్మని? కొట్టు యజమానురాలు, ఆ ముసలావిణ్ణి? రెండు నెలల్లో ఎంతమందిని తరలించగలడు, ఎక్కడికి? పెదవి దాటిన మాట పృథ్వి దాటుతుందంటారు. ఇది ఇంకా ఈ గది దాటలేదు.

"సంతకం పెట్టకండి మాస్టారూ," అన్నాడు. "నేను క్లావెకి అడ్డం పడ్డాను."

పోలో చేతిలో బోంగో జారింది.

తాళం తప్పడం వేరు, అది ఎవడికైనా జరుగుతుంది. క్లావెకి అడ్డం పడటం వేరు. మూడు దెబ్బల మీద అడుగెయ్యాల్సినవాడు రెండు దెబ్బల మీద వేసి, ఆ సంగతి తెలియకుండా పాడుకుంటూ పోవడం అది. పసిపిల్లల్ని కూడా దానికి వెక్కిరిస్తారు. పెద్ద పాటగాడు తన నోటితో తనే ఆ మాట అనడం, నడివీధిలో చొక్కా విప్పుకోవడంతో సమానం.

"ఎక్కడ?" అన్నాడు బెర్మూదెస్. "నేను చెవులకి గొట్టాలు పెట్టుకుని విన్నాను. ఎక్కడా లేదు."

"మేక దగ్గర. మేక రాగానే."

"మాస్టారూ, మీరు చెప్పండి."

మాక్సిమీనో పెన్నుకి మూత పెట్టాడు. "అడ్డం పడ్డాడు," అన్నాడు నెమ్మదిగా. "నా పేరు దాని మీద వద్దు."

"మీ అందరికీ ఏమైనా పట్టిందా! ఇంకో మైనం లేదు. రేపు ఓడ!" బెర్మూదెస్ ముఖం కందగడ్డలా అయింది. నికాసియో దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించాడు. తగ్గిన గొంతే ఎక్కువ భయపెట్టింది. "చూడు అబ్బాయ్. ఈ డిస్కు పోతే నేను ఉత్తరాదికి సంజాయిషీ రాయాలి. ఏమని? పాటగాడు క్లావెకి అడ్డం పడ్డాడని. ఆ ముక్క ఈ కాగితం మీద పడితే, సోమవారానికల్లా హవానాలో వీధి కుక్కలకి కూడా తెలుస్తుంది. నిన్ను ఎవరూ పిలవరు. పెళ్ళిళ్ళకి కూడా పిలవరు. తెలుసా?"

"తెలుసండీ."

"తెలిసీ?"

"అడ్డం పడ్డానండీ."

అద్దం వెనక నుంచి హాల్‌స్టెడ్ బయటికి వచ్చాడు. మాటలు అర్థం కాకపోయినా ముఖాలు అర్థమైనట్టున్నాయి. బెర్మూదెస్ చేతులు ఊపుతూ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఇంజనీరు విని, నికాసియోని ఒకసారి తేరిపార చూసి, నాలుగు మాటలన్నాడు.

"సంతకం లేనిది ఓడెక్కదట," అన్నాడు బెర్మూదెస్ విసుగ్గా. "గీకి నున్నగా చేస్తారు. గీకే ముందు నీకు వినాలనుంటే వినిపిస్తాడట. ఎలాగూ చచ్చేదే కదా అంటున్నాడు. వినిపించమను! నేనూ వింటా. ఎక్కడ అడ్డం పడ్డావో చూస్తా."

వద్దంటే అనుమానం. వింటే అబద్ధం బయటపడుతుంది. హాల్‌స్టెడ్ అప్పటికే సూది దించాడు.

గరగరమని చప్పుడు. ఆ చప్పుడు వెనక నుంచి, బావిలోంచి వచ్చినట్టు, ఒక మగ గొంతు. అది ఎవరిదో నికాసియోకి మొదట తెలియలేదు. ఇంత సన్నగానా? కాస్త ముక్కుతో కూడా! రెండో చరణంలో ఆ గొంతు తెరుచుకుంది. పక్కన ఎలోయ్ తల వంచుకున్నాడు. బెర్మూదెస్ కళ్ళు మూసుకుని, చూపుడు వేలితో బల్ల మీద కొడుతున్నాడు. మూడు, రెండు. మూడు, రెండు. వంతపాట మొదలైంది. దారివ్వండి, దారివ్వండి. వేలు ఆగలేదు. తిమోతెయో వచ్చాడు. మూడు, రెండు. ఎక్కడా తేడా లేదు. గోడకి కొట్టిన మేకులా ఉంది పాట. సూది వెళ్ళిన మేరా మైనం సన్నటి పోగుల్లా లేస్తోంది.

పాట అయిపోయింది. వేలు బల్ల మీద అలాగే ఉండిపోయింది.

బెర్మూదెస్ కళ్ళు తెరిచాడు. ముందు నికాసియోని, తర్వాత మాక్సిమీనోని చూశాడు. బాసు మెడ మీద తెల్లబడిన ఎలోయ్ వేళ్ళ కణుపుల్ని చూశాడు. వెనక గుమ్మం దగ్గర ఎవరూ తీసుకోకుండా సగం కరిగిన మంచుదిమ్మనీ, దాని చుట్టూ నీళ్ళనీ చూశాడు. చాలాసేపు ఆ నీళ్ళనే చూశాడు.

తర్వాత పెద్ద అక్షరాలతో పేరు రాసిన కాగితాన్ని రెండుగా చింపాడు. నాలుగుగా చింపాడు. ఇంకా చింపుతూనే పోయాడు, చదవడానికి ఒక్క అక్షరం మిగలనంత. ముక్కలన్నీ జేబులో వేసుకున్నాడు.

"అడ్డం పడ్డాడు," అన్నాడు గదికంతటికీ వినిపించేలా. "అదే రాస్తాను ఉత్తరాదికి. ఊళ్ళోనూ అదే చెబుతాను. చెప్పక తప్పదు నాకు." గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఆ మేకని కట్టేసి ఉంచండి. మేకల్ని పట్టుకెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యారు ఊళ్ళో."

ఎలోయ్ మెట్ల మీద నికాసియో చెయ్యి పట్టుకున్నాడు. అతని చొక్కాకి అంటిన దూది నలక ఒకటి తీసి పారేశాడు.

చీకటి పడేవేళకి నికాసియో ఒక గిన్నెలో చిక్కుడు గింజలూ, చెరకుతోట కూలీలు తినేలాంటి ఎండుమాంసం రెండు ముక్కలూ పట్టుకుని కొట్టుకి వెళ్ళాడు. తిమోతెయో బస్తాల వెనక మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. మంచు మోసిన భుజం ఇంకా తడిగా ఉంది.

"కొట్టన్నా," అన్నాడు. "నాలుగు తగిలించు. మంచు మోసేవాణ్ణి బతిమాలి వాడి టోపీ తీసుకున్నా. నాలుగు నెలలుగా ఈ బస్తాల్లో నీ పాట ఒక్కటే వింటున్నా. ఒక్కసారి మా అన్న బాసుతో కలిపి విందామని. బుద్ధి గడ్డి తింది."

"గడ్డం ఉంది కదా, గడ్డి తింటావులే."

"ఏంటి?"

"ఏం లేదు. తిను."

అతను తినలేదు. "ఆ డిస్కు?"

"గీకేశారు."

తిమోతెయో అక్షరాలు పేర్చే ఆ పొడుగాటి వేళ్ళతో గిన్నె అంచు నిమురుతూ ఉండిపోయాడు.

"ఆ ఏజెంటు చెప్పేస్తాడా?"

"తెలీదు. కాగితాన్ని మాత్రం చాలా చిన్న ముక్కలు చేశాడు. అయినా ఆదివారం నిన్ను మార్చేస్తాం. బొగ్గు పడవ వాళ్ళతో పోలో మాట్లాడుతున్నాడు."

"నీ సంగతి?"

"పరుపులు కుట్టడానికి క్లావె అక్కర్లేదు కదా." నవ్వబోయాడు, అది సగంలోనే ఆగింది. "ఒక్కసారి వినిపించారు. ఆ దొర దయ. నేను ముక్కుతో పాడతానట్రా. పదిహేనేళ్ళుగా ఒక్కడూ చెప్పలేదు."

"నేను చెబుదామనుకున్నా. ఆశ్రయమిచ్చినవాణ్ణి అనడం బాగోదని ఊరుకున్నా."

ఈసారి ఇద్దరూ నవ్వారు, చప్పుడు రాకుండా, భుజాలు మాత్రమే కదిలేలా. నవ్వు అయిపోయాక తిమోతెయో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"రెండో చరణం ఎలా వచ్చింది?" అని అడిగాడు, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

"బాగా వచ్చింది," అన్నాడు నికాసియో. "చాలా బాగా వచ్చింది."

వీధిలో బూట్ల చప్పుడు వినిపించింది. ఇద్దరూ బిగుసుకుపోయారు. బూట్లు కొట్టు ముందు ఒక్క క్షణం ఆగాయి. అగ్గిపుల్ల గీసిన శబ్దం. మళ్ళీ నడక, మూల మలుపు తిరిగి దూరమైపోయింది. నికాసియో లేచి, బస్తాలు రెండు అడ్డంగా జరిపి, దీపం ఆర్పాడు. బయటికి వచ్చి, కీళ్ళు కిర్రుమనకుండా తలుపుని కాస్త పైకెత్తి పట్టి, మెల్లగా మూశాడు.